గోటి మీద జెల్: ఎవరికి అమ్మాలి, ఎవరు వేయాలి?

ఆన్‌లైన్‌లో "జెల్ నెయిల్ కిట్" అని కొట్టి చూడండి. వందల రూపాయల నుంచి వేల దాకా రకరకాల డబ్బాలు బారులు తీరతాయి. అరచేయంత యూవీ ల్యాంపు, ఆరో పన్నెండో రంగు సీసాలు, బేస్ కోటు, టాప్ కోటు, ఆకురాయి, ప్లాస్టిక్ టిప్పులు, అన్నీ ఒకే పెట్టెలో. ఫొటోను వేళ్లతో లాగి పెద్దది చేస్తే చాలా సీసాల మీద కనీ కనిపించని ఇంగ్లిషు అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: ప్రొఫెషనల్ వాడకానికి మాత్రమే. కొనేవారు ఆ పని నేర్చుకున్నారా అని అడిగే గడి మాత్రం ఆ పేజీలో ఎంత వెతికినా దొరకదు. పిన్‌కోడ్ అడుగుతారు, డబ్బు ఇప్పుడు కడతారా సరుకు అందాక కడతారా అని అడుగుతారు, అంతే.

ఈ తకరారు యూరప్, అమెరికాల్లో చాలా ఏళ్లుగా నలుగుతోంది. పని రానివాళ్లకు ప్రొఫెషనల్ జెల్ అమ్మడం నేరంతో సమానమంటారు నెయిల్ టెక్నీషియన్లు. ఇంటి కిట్లు వాడి వేళ్లు పొక్కించుకుని మా దగ్గరికి వస్తున్నారంటారు చర్మవైద్యులు. రెండు వారాలకోసారి పార్లర్‌కు పోసే డబ్బు మా దగ్గర లేదు, మా గోళ్లు మా ఇష్టం అంటారు ఇంట్లో వేసుకునేవాళ్లు. ప్రభుత్వాలేమో సీసా మీద ఒక వాక్యం అచ్చు వేయించి చేతులు దులుపుకుంటాయి. ఇందరి మాటలూ పక్కపక్కన పెట్టి చూశాక నాకనిపించింది ఇది: ఎవరికి అమ్మారన్న పంచాయితీ తర్వాత చేసుకోవచ్చు. సీసాలో ఏం పోశారు, ఏ ల్యాంపుతో జత చేసి అమ్మారు, ఎలా వేయాలో కొన్నవాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పారా, ముందు తేలాల్సినవి ఇవి.

మామూలు నెయిల్ పాలిష్ గాలికి ఆరుతుంది. అందులోని ద్రావకం ఎగిరిపోయి రంగు పొర మిగులుతుంది, రిమూవర్ అద్దితే మళ్లీ కరిగిపోతుంది. జెల్ అలా ఆరదు. దాన్ని గంటసేపు ఫ్యాను కింద పెట్టినా జిగటగానే ఉంటుంది. సీసాలో మిథాక్రిలేట్లు, యాక్రిలేట్లు అనే కుటుంబానికి చెందిన అణువులు విడివిడిగా ఉంటాయి. వాటిలో చిన్నవి మోనోమర్లు, కాస్త పెద్దవి ఆలిగోమర్లు. వాటి మధ్య కాంతిని పీల్చుకునే ఫొటోఇనిషియేటర్ ఒకటి కలుపుతారు. ల్యాంపు వెలుగు పడగానే అది విరిగి, చుట్టూ ఉన్న అణువులను గొలుసుకట్టుగా కలిపేయడం మొదలుపెడుతుంది. అర నిమిషంలోనో నిమిషంలోనో ద్రవం కాస్తా ప్లాస్టిక్ పొర అవుతుంది. ఆ పని జరుగుతున్నప్పుడు వేడి పుడుతుంది. పొర మందంగా వేసినవాళ్లకు ల్యాంపులో చెయ్యి పెట్టగానే గోటి కింద చురుక్కుమనేది అందుకే.

ఈ రసాయనం గోళ్ల దగ్గరికి పళ్ల దారిలో వచ్చింది. 1950ల్లో ఫిలడెల్ఫియా దంతవైద్యుడు ఫ్రెడరిక్ స్లాక్ విరిగిన తన గోటిని పళ్లకు వాడే యాక్రిలిక్‌తో సరిచేసుకున్నాడని, కృత్రిమ గోళ్ల వ్యాపారం అక్కడ మొలకెత్తిందని చెబుతారు. తొలి రోజుల్లో గోళ్లకు వాడిన మిథైల్ మిథాక్రిలేట్ మీద 1970ల మొదట్లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఫిర్యాదులు వెళ్లాయి. గోళ్లు దెబ్బతిని వంకర్లు పోతున్నాయని, చర్మం రేగుతోందని వాటి సారాంశం. నూటికి నూరుపాళ్లూ ఆ మోనోమరే ఉన్న సరుకును ఎఫ్‌డీఏ కోర్టు ద్వారా మార్కెట్ నుంచి తీయించింది. దాన్ని నిషేధిస్తూ ప్రత్యేక నిబంధన మాత్రం రాయలేదు. కట్టడి సగంలో ఆపడమన్నది ఈ రంగంలో అప్పటి నుంచీ ఉన్న అలవాటే.

తర్వాత ల్యాంపు కింద గట్టిపడే జెల్‌లు వచ్చాయి. చాలాకాలం అవి చిన్న డబ్బాల్లో వచ్చేవి, విడి బ్రష్‌తో వేయాల్సివచ్చేది, చూడగానే ఇది మన వల్ల అయ్యే పని కాదని తెలిసిపోయేది. 2010లో సీఎన్‌డీ కంపెనీ 'షెల్లాక్' తెచ్చింది. మూతకే బ్రష్ ఉన్న సీసా, పాలిష్‌లా వేసుకోవడం, రెండు వారాలు మెరుపు తగ్గకపోవడం. కంపెనీ దాన్ని సెలూన్లకే అమ్మింది కానీ, సీసా రూపం చూసినవాళ్లెవరికైనా ఇది నెయిల్ పాలిష్‌లో ఇంకో రకం అనిపిస్తుంది. లోపలున్నది పంటికి నింపే పదార్థానికి చుట్టం. పైన కనిపించేది పదేళ్ల పిల్ల కూడా వేసుకునే గోళ్ల రంగు. ఇంటి కిట్లు ఆ వెంటే వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో పార్లర్లు మూతపడినప్పుడు గోళ్ల మీద మోజున్నవాళ్లు వాటి మీద పడ్డారు.

పని తెలిసిన చెయ్యి ఏం చేస్తుందో దగ్గరగా చూస్తే గొడవంతా ఎక్కడుందో తెలుస్తుంది. ముందు గోటి మొదట్లో పలక మీదకు పాకిన చచ్చు చర్మాన్ని మెల్లగా వెనక్కి నెడతారు, అంటుకున్నదాన్ని గీకి తీస్తారు. గోటి మీది జిడ్డు తుడుస్తారు. బేస్ కోటును బ్రష్ అంచుకు సీసా మూతి దగ్గరే ఒత్తి, వీలైనంత పలచగా లాగుతారు. బ్రష్ చర్మం దాకా పోదు, వెంట్రుకవాసి ఎడం ఉండగానే ఆగుతుంది. ఒకవేళ జారి చర్మానికి తగిలితే ల్యాంపులో పెట్టకముందే సన్నటి పుల్లతో ఆ చుక్కను తీసేస్తారు. నాలుగు వేళ్లు ల్యాంపులో పెట్టించి, బొటనవేలిని తర్వాత విడిగా పెట్టిస్తారు. అయిదు వేళ్లూ ఒకేసారి పెడితే బొటనవేలు పక్కకు ఒరిగి ఉంటుంది, దాని గోటికి వెలుగు సగమే అందుతుంది.

టాప్ కోటు కూడా అయ్యాక చాలా జెల్‌లలో పైన ఒక జిగట పొర మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ పైపొరను గట్టిపడనివ్వకపోవడమే దానికి కారణం. నేర్చినవాళ్లు ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డముక్కతో గోటి మొదటి నుంచి చివరికి ఒక్కసారి లాగి, ఆ ముక్కను పారేస్తారు. నేర్వనివాళ్లు అదే ముక్కతో పది గోళ్లూ గుండ్రంగా తుడుస్తారు. అంటే గట్టిపడని మోనోమర్‌ను ఒక వేలి నుంచి ఇంకో వేలికి, గోటి మీది నుంచి చుట్టూ ఉన్న చర్మానికి శ్రద్ధగా పూస్తున్నారన్నమాట. చూడ్డానికి శుభ్రం చేస్తున్నట్టే ఉంటుంది. వీడియోల్లో ఈ తుడిచే ముక్క రెండు సెకన్లు కూడా కనిపించదు, ఎవరూ దాని గురించి మాట్లాడరు.

రెండో చిక్కు ల్యాంపుది. ఒక్కో జెల్‌లో ఫొటోఇనిషియేటర్ ఒక్కో రకం. కొన్ని 365 నానోమీటర్ల దగ్గరి కాంతికి బాగా స్పందిస్తాయి, కొన్ని 405 దగ్గరి కాంతికి. డబ్బా మీద రాసే 48 వాట్లు, 120 వాట్లు అన్నవి కరెంటుకు సంబంధించిన లెక్కలు. గోటి మీద ఎంత వెలుగు, ఏ రకం వెలుగు పడుతోందో వాటిని బట్టి తెలియదు. ఒక కంపెనీ జెల్, ఇంకో కంపెనీ ల్యాంపు, పైగా ముదురు నలుపు రంగు మందంగా వేస్తే వెలుగు అడుగుదాకా దిగదు. మంట ఎక్కువై పైన ఎర్రగా వేగి లోపల పిండి మిగిలిన గారె ఎలా ఉంటుందో, ఆ గోరూ అలాగే ఉంటుంది. నొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది, మెరుస్తుంది. లోపల పచ్చి జెల్ గోటికి అంటుకుని రోజులతరబడి ఉంటుంది. తీసేటప్పుడు ఆకురాయితో రుద్దితే ఆ పచ్చి పొడి వేళ్ల మీదా ముంజేతుల మీదా పడుతుంది. గోళ్ల రసాయనశాస్త్రం మీద అమెరికాలో ఎక్కువగా వినపడే పేరు డగ్ షూన్. ఆయన ఏళ్ల తరబడి పోరుతున్నది ఇదే: జెల్‌ను దాని తయారీదారు చెప్పిన ల్యాంపుతోనే గట్టిపరచాలి. ఇంటి కిట్లే కాదు, సెలూన్లు కూడా ఈ మాటను సగం సగమే వింటాయి.

చర్మానికి తగిలితే ఏమవుతుంది? మొదటిసారి ఏమీ కాదు. పదోసారీ ఏమీ కాకపోవచ్చు. హీమా అని పిలిచే హైడ్రాక్సీ ఇథైల్ మిథాక్రిలేట్ అణువు చాలా చిన్నది, చర్మంలోకి దిగి అక్కడి ప్రోటీన్‌తో కలిసిపోతుంది. రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఒక్కసారి గుర్తుపెట్టుకుందంటే ఇక మరిచిపోదు. అప్పటి నుంచి రవ్వంత తగిలినా వేళ్ల కొసలు దురద, వాపు, నీటి పొక్కులు, పగుళ్లు. గోరు కింది కండ నుంచి లేచిపోతుంది. వేళ్లతో ముఖం తాకితే కనురెప్పల మీద, మెడ మీద దద్దుర్లు. గోళ్ల అలర్జీ కళ్ల దగ్గర బయటపడటం డాక్టర్లకు కొత్త కాదు కానీ రోగికి మాత్రం తల తిరిగిపోతుంది.

ఆ అలర్జీ గోళ్లతో ఆగితే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. పంటి పుచ్చుకు నింపి నీలి వెలుగుతో గట్టిపరిచే పదార్థం ఇదే కుటుంబం. కట్టుడు పళ్లు, కీలు మార్పిడి శస్త్రచికిత్సలో వాడే ఎముక సిమెంటు, మధుమేహులు చేతికి అంటించుకునే కొన్ని గ్లూకోజ్ సెన్సార్ల జిగురు, అన్నింట్లోనూ ఈ బంధుగణం ఉంది. జెల్ అలర్జీ వచ్చిన ప్రతి మనిషికీ ఇవి పడవని కాదు. కానీ ఇరవై ఏళ్ల వయసులో సరదాకు వేసుకున్న రంగు అరవై ఏళ్ల వయసులో మోకాలి ఆపరేషన్ ముందు డాక్టరుతో చర్చించాల్సిన విషయం కావడం చిన్న సంగతేమీ కాదు.

ఎంతమందికి వస్తోంది? బ్రిటిష్ అసోసియేషన్ ఆఫ్ డెర్మటాలజిస్ట్స్ 2018లో గట్టి హెచ్చరిక చేసింది. బ్రిటన్, ఐర్లండ్‌లలోని 13 చర్మవైద్య కేంద్రాల్లో 2017లో 4,931 మందికి ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేస్తే 2.4 శాతం మందికి ఈ కుటుంబంలో ఏదో ఒక రసాయనం పడలేదని తేలింది. ఈ అంకెను జనాభా మొత్తానికి అంటగడితే తప్పు. చర్మం బాధ ఉండి ఆస్పత్రి మెట్లెక్కినవాళ్లలో లెక్క అది. అయినా తీసిపారేయదగింది కాదు. ఒకప్పుడు ఈ అలర్జీ దంతవైద్యులకు, ప్రింటింగ్ ప్రెస్‌లలో పనిచేసేవాళ్లకు పరిమితమని అనుకునేవారు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2012లోనే యాక్రిలేట్లను 'ఆ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. 2019లో యూరప్ వైద్యులు ప్రతి రోగికీ చేసే ప్రాథమిక ప్యాచ్ పరీక్షల జాబితాలో హీమాను చేర్చారు. అప్పటిదాకా చాలాచోట్ల ప్రత్యేకంగా అనుమానిస్తే తప్ప దానికి పరీక్షే చేసేవారు కాదు.

ఇందులో నెయిల్ టెక్నీషియన్లు ఎక్కువగా చెప్పుకోని సంగతి ఒకటుంది. వైద్య పత్రికల్లో నమోదైన కేసుల్లో పెద్ద వాటా వాళ్లదే. రోజుకు ఎనిమిది గంటలు ఆ పొడిలో, ఆ జిగటలో చేతులు పెట్టేది వాళ్లు. పలచటి నైట్రైల్ గ్లౌజు వేసుకుంటే చాలనుకుంటారు. మిథాక్రిలేట్లు ఆ గ్లౌజులోంచి నిమిషాల్లో దిగిపోతాయి. వేళ్ల కొసలు కత్తిరించిన గ్లౌజులు వేసుకుని పనిచేసేవాళ్లూ ఉన్నారు, అదొక వింత. కాబట్టి "మేం నేర్చుకున్నాం, మాకు అమ్మండి, జనానికి అమ్మకండి" అన్న వాదన వినడానికి బాగున్నా, నేర్చుకున్నవాళ్ల వేళ్లే దాన్ని పూర్తిగా సమర్థించడం లేదు.

యూరప్ ఏం చేసిందో చూద్దాం. అక్కడి వినియోగదారుల భద్రతా శాస్త్రీయ కమిటీ 2018లో హీమా మీదా, దాని పెద్దన్న లాంటి డై-హీమా ట్రైమిథైల్‌హెక్సైల్ డైకార్బమేట్ మీదా అభిప్రాయం చెప్పింది. హీమా 35 శాతం దాకా, రెండోది 99 శాతం దాకా ఉన్నా గోటి పలక మీదే వేసి చుట్టూ చర్మానికి తగలకుండా చూస్తే అలర్జీ వచ్చే ప్రమాదం పెద్దగా ఉండదని దాని సారం. పరిమాణం మీద పట్టింపు లేదు, బ్రష్ ఎక్కడ ఆగుతుందన్నదే పట్టింపు. దాంతో యూరోపియన్ కమిషన్ 2020 నవంబరులో నియమం తెచ్చింది. ఈ రెండూ ఉన్న గోళ్ల ఉత్పత్తులు ప్రొఫెషనల్ వాడకానికి మాత్రమేనని, అలర్జీ రావచ్చని సీసా మీద రాయాలి. కొత్త సరుకుకు 2021 జూన్ 3 నుంచి, అంగళ్లలో అప్పటికే ఉన్న సరుకుకు సెప్టెంబరు 3 నుంచి అది అమల్లోకి వచ్చింది.

తర్కం పొందికగా ఉంది. చర్మానికి తగలకుండా వేయడం నైపుణ్యం, నైపుణ్యం ప్రొఫెషనల్స్‌కు ఉంటుంది, కాబట్టి వాళ్లకే ఇవ్వాలి. చట్టం చదివితే నడుమ ఒక మెట్టు లేదు. యూరప్ సౌందర్య సాధనాల చట్టం ప్రకారం వృత్తిలో భాగంగా వాడితే అది ప్రొఫెషనల్ వాడకం. శిక్షణ ప్రస్తావనే లేదు. బ్రిటన్‌లో గోళ్ల పని చేయడానికి దేశమంతటికీ వర్తించే తప్పనిసరి లైసెన్సు లేదు. రెండు రోజుల కోర్సు చేసి, లేదా చేయకుండానే, డబ్బు తీసుకుని పక్కవాళ్ల గోళ్లకు వేస్తే ప్రొఫెషనల్. మూడేళ్లుగా తన గోళ్లకు పొందికగా వేసుకుంటున్న అమ్మాయి మాత్రం కాదు. మనుషులను వృత్తిని బట్టి విడదీసి నైపుణ్యాన్ని బట్టి విడదీశామనుకున్న నియమం ఇది.

ఆ నియమం చేసిన మేలు ఇంకో దిక్కున ఉంది. మామూలు జనానికి అమ్మే కిట్లలో ఆ రెండు రసాయనాలూ వాడే వీల్లేక కంపెనీలు తయారీ మార్చుకోవాల్సివచ్చింది. 'హీమా ఫ్రీ' అన్న ముద్ర అలా పుట్టింది. దాన్ని చూసి మురిసిపోవాల్సినంత లేదు. చాలా సీసాల్లో హీమా స్థానంలోకి హైడ్రాక్సీప్రొపైల్ మిథాక్రిలేట్ వచ్చింది. హీమా పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు. శరీరానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 'హీమా ఫ్రీ' అని రాస్తే అలర్జీ రాదని కాదు, ఒక పేరు లేదని మాత్రమే. అయినా సరే, కొనేవాళ్లను కట్టడి చేయడం కన్నా సీసాలో పోసేదాన్ని కట్టడి చేయడమే పని చేసిందని నా లెక్క. అమ్మకాన్ని ఆపలేరు గానీ, తయారీని మార్పించగలరు.

అమెరికాలో లైసెన్సులున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో గోళ్ల పనికి 250 గంటల శిక్షణ, కాలిఫోర్నియాలో 400 గంటలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన అమ్మాయి నెయిల్ సెలూన్‌కు వెళ్తే వేసే మనిషికి రాష్ట్రం ఇచ్చిన కాగితం గోడ మీద ఉంటుంది. అదే అమ్మాయి ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే, సెలూన్లకే అమ్ముతామని కంపెనీలు చెప్పుకునే సీసాలు కూడా ఏదో ఒక అంగడిలో దొరుకుతాయి. పంపిణీదారుల దగ్గర మిగిలిన సరుకు పక్కదారిన బయటికి వస్తుంది. అసలుదో నకిలీదో చెప్పడం కష్టం. సాలీ బ్యూటీ అనే పెద్ద సంస్థకే రెండు వాకిళ్లున్నాయి. ఒకటి సాలీ బ్యూటీ దుకాణాలు, అందరికీ తెరిచే ఉంటాయి, అక్కడ జెల్ కూడా దొరుకుతుంది. రెండోది కాస్మోప్రోఫ్, లైసెన్సున్నవాళ్లకే. ప్రొఫెషనల్‌కే అమ్మాలన్న నినాదంలో జనం భద్రత ఎంతుందో, ధర నిలబెట్టుకోవాలన్న వ్యాపారబుద్ధి కూడా అంత ఉందని అనుమానించడం పాపం కాదు. సెలూన్‌కు మాత్రమే దొరికే సరుకుకు సెలూన్ ధర పలుకుతుంది.

ఇంట్లో వేసుకునేవాళ్ల వాదనలోనూ పస ఉంది. ఒకే గోళ్లు, ఒకే చేతులు, ఎవరూ తొందరపెట్టరు. అయిదు నిమిషాలకో కస్టమర్ క్యూ కట్టిన చోట చేసేదానికన్నా ఇంట్లో ఓపిగ్గా చేసుకున్నదే మేలు కావచ్చు. ఆ వాదన ఒక్కచోట తేలిపోతుంది: రెండో చేయి. కుడిచేతివాటం మనిషి ఎడమచేత్తో కుడిచేతి గోళ్లకు వేయాల్సి వస్తుంది. వెంట్రుకవాసి ఎడం ఎక్కడిది? అలవాటైనవాళ్ల చేయి కూడా అక్కడ వణుకుతుంది. తగిలిన చుక్కను తీయకుండానే ల్యాంపులో పెట్టేస్తారు.

జనం ఎక్కువగా భయపడేది మాత్రం వీటికి కాదు, ల్యాంపు వల్ల క్యాన్సర్ వస్తుందేమోనని. 2023 జనవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాస్త్రవేత్తలు నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక పరిశోధన అచ్చువేశారు. ప్రయోగశాల గిన్నెల్లోని కణాలను ల్యాంపు వెలుగులో 20 నిమిషాలుంచితే 20 నుంచి 30 శాతం, అలా వరసగా మూడుసార్లు పెడితే 65 నుంచి 70 శాతం చచ్చిపోయాయి. బతికినవాటి డీఎన్‌ఏలో మార్పులు కనిపించాయి. గిన్నెలోని కణానికి పైన చర్మం పొరలుండవు, గోళ్లకు ఒక విడతలో పట్టే సమయమూ అంత ఉండదు. కొట్టిపారేయలేం, కాబట్టి చేతికి సన్‌స్క్రీన్ రాసుకోవడమో వేళ్లు తెగిన గ్లౌజు తొడుక్కోవడమో తప్పేం లేదు. అలర్జీ మాత్రం ఇప్పుడే, కళ్లముందే, వేలమందికి వస్తోంది. పేపర్లలో స్థలం క్యాన్సర్‌కే ఎక్కువ దక్కుతుంది.

టీపీఓ సంగతి వేరే రకం. ఇది చాలా జెల్‌లలో వాడిన ఫొటోఇనిషియేటర్. యూరప్‌లో ఇదివరకు ప్రొఫెషనల్ వాడకానికి 5 శాతం దాకా అనుమతి ఉండేది. జంతువులపై పరీక్షల్లో సంతానోత్పత్తికి హాని కనిపించడంతో 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో దాన్ని పూర్తిగా నిషేధించారు. సెలూన్ అల్మారాలో మిగిలిన సీసాలు కూడా వాడకూడదు. చర్మానికి తగలనివ్వకపోతే చాలనుకున్న హీమాకు శిక్షణ ఒక రక్షణ. పదార్థమే వద్దనుకున్న టీపీఓకు శిక్షణతో పనే లేదు. 'ప్రొఫెషనల్స్‌కు మాత్రమే' అన్న ఒకే ముద్రను ఇన్నాళ్లూ ఈ రెండు రకాల ప్రమాదాలకూ అంటించారు.

మన దగ్గర పెళ్లిళ్ల సీజన్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మెహందీ బుకింగ్ పక్కనే నెయిల్ ఎక్స్‌టెన్షన్ బుకింగ్ కూడా నడుస్తోంది. బేగంబజార్ లాంటి హోల్‌సేల్ బజార్లలో పార్లర్ సామాన్లు ఎవరు వెళ్లి అడిగినా ఇస్తారు. గోళ్ల పని నేర్పే కోర్సులున్నాయి, కొన్ని నెలలవి, కొన్ని వారాంతపువి. చేసి తీరాలన్న చట్టం లేదు. ఇంటి ముందుగదిలో కుర్చీ వేసుకుని పార్లర్ నడుపుకునే ఆడవాళ్లు లక్షల్లో ఉన్న చోట, పని నేర్వనివాళ్లకు అమ్మొద్దని నియమం పెడితే మొదట దెబ్బ పడేది వాళ్ల కడుపు మీద. యూరప్ నియమాన్ని మక్కికి మక్కి దించుకోవాలని నేననను.

మన రోగుల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. బ్రిటన్ పత్రికల్లో ఫొటోలన్నీ ఎర్రగా కందిన వేళ్లవి. చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు అంతగా కనిపించదు. నల్లబడుతుంది, గరుకుబారుతుంది, పగులుతుంది. అంట్లు తోమే సబ్బు పడలేదనుకుంటారు, లేకపోతే వెల్లుల్లి వలిచినందుకు అనుకుంటారు. వెల్లుల్లి వల్ల వేళ్ల కొసలు పగలడం మన వంటిళ్లలో నిజంగానే ఉన్నది, కాబట్టి డాక్టరుకు కూడా మొదట అదే తడుతుంది. ఒక గుర్తు చెప్పొచ్చు. వెల్లుల్లి వల్ల వచ్చేది ఎక్కువగా రెబ్బను పట్టుకునే చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలి కొసలకు వస్తుంది. జెల్ వల్ల వచ్చేది రెండు చేతుల గోళ్ల చుట్టూ రావచ్చు. కనురెప్ప వాచినవాళ్లు కాటుకను అనుమానిస్తారు తప్ప గోళ్లను కాదు. జెల్ వేసుకున్న సంగతి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచదు, డాక్టర్లలో అడిగేవాళ్లూ తక్కువ.

మన దేశంలో చట్టం పూర్తిగా ఖాళీగా ఉందనుకోనక్కర్లేదు. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం దిగుమతి చేసుకునే సౌందర్య సాధనానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా లేబుల్ మీద కనిపించాలి. పదార్థాల జాబితా ఉండాలి. ప్రమాదం ఉన్న సరుకైతే ఎలా భద్రంగా వాడాలో, ఏం జాగ్రత్త తీసుకోవాలో లోపలి లేబుల్ మీద చెప్పాలి. అంటే కొత్త చట్టం కోసం కూర్చోనవసరం లేదు. ఉన్న నియమాన్నే ఆన్‌లైన్ అంగళ్ల మీద అమలు చేసి, రిజిస్ట్రేషన్ నంబరూ పదార్థాల జాబితా లేని జెల్ సీసాలను తీయించినా చవక సరుకు సగం పోతుంది. ఆ పైన నా కోరిక ఒకటే. జనానికి అమ్మే జెల్‌ను ఏ ల్యాంపుతో గట్టిపడుతుందో పరీక్షించి, ఆ ల్యాంపుతో కలిపే అమ్మాలి. రంగు సీసాలు ఒకచోట, ల్యాంపు ఇంకోచోట కొనుక్కోమనడం ఆపాలి. లోపల పెట్టే కాగితం తెలుగులో ఉండాలి. చర్మానికి తగిలితే ల్యాంపులో పెట్టకముందే తుడవాలని, బొటనవేలు విడిగా పెట్టాలని, జిగటను ఒక్కో గోటికి ఒక్కో ముక్కతో తుడవాలని, దురద మొదలైతే ఆపేయాలని నాలుగు ముక్కలు రాస్తే చాలు.

ఇప్పటికే వేళ్లు దురదపెడుతున్నవాళ్లు చేయాల్సింది మొదట జెల్ తీయించుకోవడం. మీరే పీకొద్దు, పీకితే గోటి పొరలూ దానితో ఊడి వస్తాయి. అసిటోన్‌లో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, లేచినంత మేరకే తీయాలి. గోళ్లు బాగాలేవని ఇంకో బ్రాండు జెల్ వేయించుకోవడం, 'హీమా ఫ్రీ'కి మారి చూడటం వద్దు. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తే "నేను జెల్ వేసుకుంటాను" అని మీరే చెప్పండి, సీసా ఉంటే పట్టుకెళ్లండి. ప్యాచ్ టెస్ట్‌లో మిథాక్రిలేట్లు ఉన్నాయో లేదో అడగండి, అన్నిచోట్లా ఉండవు. ఫలితం పాజిటివ్ వస్తే ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పంటి పుచ్చుకు సిమెంటు పెట్టించుకునే ముందు, ఎముకల ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, చేతికి సెన్సారు అంటించే ముందు దాన్ని చూపించండి.